రైస్ ఎవరి మాట? అరిసి, వ్రీహి, వరి వాదాల సమీక్ష

బడిలో తెలుగు వ్యాకరణం చదివిన ప్రతి ఒక్కరికీ బహువ్రీహి సమాసం తెలుసు. ముక్కంటి అంటే మూడు కన్నులు గలవాడు, చక్రపాణి అంటే చేతిలో చక్రం ఉన్నవాడు అని విగ్రహవాక్యం చెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం. ఆ సమాసానికి ఆ పేరెందుకు పెట్టారో మాత్రం చాలామందికి తట్టదు. వ్రీహి అంటే వడ్లు. బహువ్రీహి అంటే బోలెడన్ని వడ్లు గలవాడు, గాదెలు నిండిన ఆసామి. సమాసం పేరే సమాసానికి ఉదాహరణ. ఈ వ్రీహికీ, మనం రోజూ వాడే రైస్ అనే ఇంగ్లీషు మాటకూ, స్పెయిన్‌లో పలికే అర్రోజ్‌కూ, పారశీకంలో బిరింజ్‌కూ, గ్రీకులో ఒరూజాకూ ఏదో చుట్టరికం ఉందని భాషావేత్తలు రెండు శతాబ్దాలుగా చెబుతున్నారు. తగవంతా ఎవరు ఎవరికి ఇచ్చారన్న దగ్గరే. తమిళ అరిసి నుంచే ప్రపంచానికి ఆ పేరు వెళ్ళిందన్నది ఒక వాదం. సంస్కృత వ్రీహి అసలు మూలమన్నది రెండోది. మన వరి, దానితోపాటు గోండి, పర్జీ, గదబ భాషల్లోని మాటలు ఈ కథలో కీలకమన్నది మూడోది. మొదటి రెండూ జనంలో బాగా ప్రచారంలో ఉన్నాయి. సాక్ష్యాలను వరసలో పెట్టి చూస్తే మూడోదానికే ఎక్కువ బలం కనబడుతుంది. అయితే ఆ బలం తెలుగువాళ్ళు ఊహించుకునే చోట నుంచి రాలేదు.

ముందు తగవు లేని భాగం తేల్చుకుందాం. ఇంగ్లీషు రైస్ పాత ఫ్రెంచి రిస్ నుంచి, అది ఇటాలియన్ రీసో నుంచి, అది లాటిన్ ఒరీజా నుంచి, అది గ్రీకు ఒరూజా నుంచి వచ్చింది. జర్మన్ రైస్, ఫ్రెంచి రి, రష్యన్ రీస్ ఇదే కొమ్మకు చెందినవి. వరికి లినేయస్ 1753లో పెట్టిన శాస్త్రీయనామం ఒరైజా సటైవాలోనూ ఈ గ్రీకు మాటే ఉంది. రెండో కొమ్మ అరబ్బులది. వారి అర్‌రుజ్ స్పెయిన్‌లో అర్రోజ్ అయింది. అరబ్బీ భాషలో పేరుకు ముందు చేర్చే అల్ అనే ప్రత్యయాన్ని స్పెయిన్ వాళ్ళు మాటలో భాగమే అనుకుని కలిపేసుకున్నారు. మూడో కొమ్మ ఇరానుది. పారశీక బిరింజ్ నుంచి ఆర్మేనియన్ బ్రింజ్, తుర్కీ పిరించ్ పుట్టాయి. ఇక్కడే ఒక హెచ్చరిక. బిరింజ్ అనగానే హైదరాబాదు బిర్యానీ గుర్తుకు రావడం సహజం, ఆ రెంటినీ ముడిపెట్టే కథలూ ఉన్నాయి. కానీ బిర్యానీకి పారశీకంలో వేయించిన, కాల్చిన అనే అర్థమిచ్చే బిర్యాన్ అనే మాట ఉండనే ఉంది. అర్థమూ రూపమూ రెండూ సరిపోయే మాట ఎదురుగా ఉన్నప్పుడు సగం పోలికతో బియ్యం దాకా పోనక్కర్లేదు. రెండు మాటలు చెవికి ఒకేలా వినిపించడం విచారణ మొదలుపెట్టడానికి చాలు, ముగించడానికి చాలదు. ధ్వనులు క్రమం ప్రకారం మారాయా, కాలం సరిపోయిందా, ఆ మాట నడిచి వెళ్ళిన దారి కనబడుతోందా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరకాలి.

అరిసి వాదాన్ని ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షించాలి. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని వెలువరించిన కాల్డ్వెల్ వంటి పండితుల వల్ల ఈ వాదానికి గౌరవం వచ్చింది. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని శాస్త్రీయంగా నిలబెట్టిన రోజుల్లో, ఆ భాషల మాటలు గ్రీసు దాకా వెళ్ళాయని చూపించడం ఎంతో అవసరమైన పని. కానీ ధ్వనుల దగ్గరే ఈ వాదం తడబడుతుంది. గ్రీకులకు అకారం పలకడం వచ్చు, సకారమూ వచ్చు. అరిసి విని ఉంటే దాన్ని దాదాపు అలాగే రాసుకునేవారు. అకారం ఒకారంగా ఎందుకు మారాలి? సకారం జకారం వంటి ధ్వనిగా ఎందుకు మారాలి? తమిళ పక్షం నుంచి దీనికి నికరమైన జవాబు లేదు. పైగా ఒరూజాకు దగ్గరగా ఉన్నట్టు అనిపించే ఆ సకారం అరిసి చుట్టాల్లో కూడా నిలకడగా కనబడదు. నేటి మలయాళంలో అరి, తుళులో అరి, కన్నడంలో అక్కి. పోలికకు ఆధారమైన అక్షరం ఇంటివారిలోనే ఊగిసలాడుతుంటే, దాని మీద సముద్రం దాటే వంతెన కట్టడం కష్టం.

అదే పరీక్ష ఇరాన్ దారికి పెట్టి చూడండి. పష్తూలో బియ్యాన్ని వ్రిఝే అంటారు. పారశీకంలో బిరింజ్‌తో పాటు గురింజ్ అనే పాత రూపమూ ఉంది. ఆ భాషలో మాట మొదటి వకారం గకారమో బకారమో కావడం మామూలే, విష్తాస్ప అనే రాజు పేరు తరవాతి కాలంలో గుష్తాస్ప్ అయింది. అంటే పాత ఇరానియన్‌లో వ్రిజి, వ్రింజి వంటి రూపమేదో ఉండి ఉండాలి. గ్రీకు మాండలికాల్లో చాలావాటికి వకారం పోయింది. పరాయి మాటల్లో వకారం ఎదురైతే వాళ్ళు దాని బదులు ఒకారం వంటి అచ్చును పెట్టేవారు. మధ్య ఆసియాలోని వక్షు నదిని వాళ్ళు ఆక్సస్ అని పిలిచింది అందుకే. వ్రిజి ఒరూజా కావడంలో వింతేమీ లేదు. ఒకారం ఎందుకొచ్చిందో తెలుస్తోంది, జకారం ఎందుకొచ్చిందో కూడా తెలుస్తోంది.

కాలమూ దారీ కూడా ఇరాన్ పక్షానే సాక్ష్యం చెబుతాయి. క్రీ.పూ. 406లో చనిపోయిన సోఫోక్లిస్ తన నాటకంలో ఒరిందేస్ అనే రొట్టెను ప్రస్తావించాడు. అది బియ్యపు రొట్టె అయినా కావచ్చు, నువ్వుల వంటి ఇథియోపియా గింజతో చేసినదైనా కావచ్చునని ప్రాచీన వ్యాఖ్యాతలే అన్నారు కాబట్టి ఆ ఒక్క సాక్ష్యం మీద భారం వేయకూడదు. వేయాల్సిన భారం అలెగ్జాండర్ వెంట వచ్చిన అరిస్టోబులస్ మోయగలడు. నీళ్ళు కట్టిన మళ్ళలో వరి నిలబడి ఉంటుందనీ, బాక్ట్రియా, బాబిలోనియా, సూసా ప్రాంతాల్లోనూ పండుతుందనీ అతను రాసినట్టు భూగోళవేత్త స్ట్రాబో నమోదు చేశాడు. ఆక్సస్ నది పారేది ఆ బాక్ట్రియా సరిహద్దులోనే. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథంలో ఒరూజాను వర్ణించింది కూడా ఆ తరంలోనే. అంటే క్రీ.పూ. 4వ శతాబ్ది చివరికే గ్రీకులకు ఆ మాట ఉంది, ఆ పంటను వాళ్ళు ఇరాన్ భాషలు మాట్లాడే నేల మీద కళ్ళారా చూశారు. పడమటి ఓడలు ముజిరిస్ రేవుకు మిరియాల కోసం బారులు తీరింది మూడు శతాబ్దాల తరవాత. క్రీ.శ. 1వ శతాబ్ది నాటి పెరిప్లస్ గ్రంథం సముద్ర వర్తకంలో బియ్యాన్ని పేర్కొంటుంది, కానీ అప్పటికి ఒరూజా గ్రీకులో పాతబడిన మాట.

దీనికి తమిళ పక్షం నుంచి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది అల్లం. తమిళ ఇంజి, వేర్ కలిసి పాళీలో సింగివేర అయి, సంస్కృతంలో శృంగవేరం అయి, గ్రీకులో జింగిబెరిస్ అయి, చివరికి ఇంగ్లీషు జింజర్ అయిందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అల్లం వెళ్ళినప్పుడు బియ్యం ఎందుకు వెళ్ళకూడదు? వెళ్ళకూడదని ఎవరూ అనడం లేదు. అయితే జింజర్ విషయంలో ప్రతి మజిలీలోనూ ఒక రూపం దొరుకుతోంది, పాళీ సింగివేర మధ్యలో కాపలా కాస్తోంది. అరిసికీ ఒరూజాకూ మధ్య అలాంటి మజిలీ ఏదీ లేదు, ఉన్న మజిలీలన్నీ వకారంతో మొదలయ్యే వేరే మాటవి. ఎండిన అల్లం మూటకట్టి అమ్మే సుగంధద్రవ్యం, వరి గ్రీకులు పొలంలో చూసి తెలుసుకున్న పంట. ఇక్కడే రెండో అభ్యంతరం. వర్తకంలో వెళ్ళేది దంచిన బియ్యం, తమిళంలో అరిసి అంటే సరిగ్గా అదే. వ్రీహి, వరి అన్నవి పొలంలో ఉన్న పైరుకూ పొట్టుతో ఉన్న గింజకూ పేర్లు, అవెలా ప్రయాణం చేస్తాయి అన్నది వాదన. ఇది మంచి ప్రశ్నే కానీ, గింజ దశల పేర్లు ఒకదాని మీదికి ఒకటి జారిపోవడం ఎంత మామూలో మన నోళ్ళే చెబుతాయి.

తెలుగులో పైరు వరి, పొట్టుతో ఉంటే వడ్లు, దంచితే బియ్యం, వండితే అన్నం. మలయ్ భాషలో పాది, బెరస్, నాసి ఇలాగే మెట్లుగా ఉంటాయి, జపనీయంలోనూ పైరుకు ఇనె, బియ్యానికి కొమె, అన్నానికి గొహన్ ఉన్నాయి. ఇంగ్లీషువాడికి అన్నిటికీ రైసే. పొట్టు గింజకు వేరే పేరు కావాల్సి వచ్చినప్పుడు మలయ్ పాదిని అరువు తెచ్చుకుని ప్యాడీ అన్నాడు. వరి బాగా పండే చోట మెట్లు ఎక్కువ, బయటి నుంచి తెచ్చుకునే చోట ఒక్క మాటతో సరి. ఈ మెట్ల మీద పేర్లు కదులుతూనే ఉంటాయి. సంస్కృతంలో ధాన్యం అంటే ఏ గింజైనా ధాన్యమే, కోస్తా జిల్లాల రైతుకు మాత్రం ధాన్యం అంటే వడ్లే. అన్నం అంటే తినేది ఏదైనా కావచ్చు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ జొన్నలు, కొర్రలు ప్రధానంగా తిన్న రోజుల్లో జొన్నన్నం, కొర్రన్నం అనేవారు, బియ్యంతో వండితే ప్రత్యేకంగా వరన్నం అనేవారు. ఇప్పుడు ఏ విశేషణమూ లేని అన్నం వరన్నమే. ఒకే భాషలో రెండు మూడు తరాల్లో ఇంత జారుడు ఉన్నప్పుడు, భాషలు దాటే మాట పైరు దగ్గర బయలుదేరి బియ్యం దగ్గర ఆగడం ఆశ్చర్యం కాదు. పారశీక బిరింజ్ చేసింది అదే.

మూడో అభ్యంతరం తవ్వకాల నుంచి వచ్చింది. తూత్తుక్కుడి జిల్లా శివకళైలో ఒక సమాధి కుండలో దొరికిన వడ్ల కాలాన్ని రేడియోకార్బన్ పరీక్ష క్రీ.పూ. 1155గా చూపిందని 2021లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. దక్షిణాదిన వరి అంత పాతదైతే మాట కూడా అక్కడిదే ఎందుకు కాకూడదని అడుగుతారు. ఆ గింజ విలువను తక్కువ చేయనక్కర్లేదు. కానీ గంగా మైదానంలో, ఉత్తరప్రదేశ్‌లోని లహురాదేవా వంటి చోట్ల, వరి ఆనవాళ్ళు దానికన్నా వేల ఏళ్ళు పాతవి. చైనాలో యాంగ్జీ నది దిగువన త్యాన్‌లుఓషాన్ దగ్గర, గింజ రాలిపోని సాగు రకం వాటా 300 ఏళ్ళలో 27 శాతం నుంచి 39 శాతానికి పెరిగిన సంగతిని డోరియన్ ఫుల్లర్ బృందం 2009లో లెక్కగట్టింది, అది సుమారు 6,900 ఏళ్ళ నాటి మాట. దక్షిణాది నవీనశిలాయుగపు ఊళ్ళలో, బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలు కర్నూలు ప్రాంతం దాకా, ప్రధానంగా దొరికేవి ఉలవలు, పెసలు, కొర్ర జాతి చిరుధాన్యాలు. వరి అక్కడ బాగా ఆలస్యంగా వచ్చిన అతిథి. అయినా అసలు సంగతి వేరు. మొక్క వయసు మాట వయసు కాదు. అమెరికా నుంచి 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట వచ్చిన కాయకు మనం మిరియం పేరును సాగదీసి మిరప అన్నాం. మొక్క విదేశీ, పేరు పాత ఇంటిపేరే. వరి విషయంలో చైనా నుంచి వచ్చిన రకాలు మన రకాలతో సంకరమయ్యాయని జన్యుశాస్త్రం చెబుతున్నా, ఒరూజా వరసలోని మాటలకు చైనా పేర్లతో సంబంధం లేదు. మొక్క పుట్టుక చూపించి మాట పుట్టుక తేల్చే ప్రయత్నం ఎవరు చేసినా ఇదే చోట ఆగిపోతుంది.

అరిసి పక్కకు తప్పుకుంటే గెలుపు వ్రీహిదేనా? సంస్కృత హకారానికి ఇరాన్ భాషల్లో జకారం సరిజోడు. అహం అవెస్తాలో అజెమ్, బాహు బాజు, హిరణ్యం జరన్య. కాబట్టి వ్రీహికీ ఇరానియన్ వ్రిజికీ పొత్తు చక్కగా కుదురుతుంది. కానీ అంతమాత్రాన అది ఆర్యభాషల తాతల నాటి సొత్తని చెప్పలేం. యవల విషయం చూడండి. సంస్కృతంలో యవ, అవెస్తాలో యవ, దూరాన లిథువేనియాలో యావై. ఇలాంటి చుట్టాలు వ్రీహికి ఐరోపాలో ఎక్కడా లేరు. ఉన్న ఒరూజా అరువు సొమ్మే. అంతేకాదు, ఋగ్వేదంలో యవ ఉంది, వ్రీహి లేదు. వ్రీహి కనబడేది అథర్వవేదం నాటి నుంచి. పశ్చిమం నుంచి తూర్పుకు జరుగుతున్న జనం వరి పండే నేలకు వచ్చాక, అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్న మాట అది. సంప్రదాయ వ్యుత్పత్తులు వ్రీహికి ధాతువు చూపగలవు, సంస్కృతంలో ఏ మాటకైనా చూపగలవు. ధాతువు చూపడం వేరు, చరిత్ర చూపడం వేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. పారశీక బిరింజ్‌లో ఒక అనునాసికం ఉంది, వ్రీహిలో లేదు. ఆ సున్న ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ సున్న దొరికేది మనకు బాగా దగ్గరలో. ఆదిలాబాదు గోండులు వరిని వంజి అంటారు. పర్జీలో వెర్చి, గదబలో వర్చి వంటి రూపాలున్నాయి. తెలుగులో వరి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే పద్దు కింద చేర్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి చూపిన పద్ధతిలో వీటిని కలిపి వెనక్కి నడిస్తే వరిఞ్చి వంటి మూలరూపం తేలుతుంది. వరిఞ్చి ఒక పక్క, పాత ఇరానియన్ వ్రింజి ఒక పక్క పెడితే, వకారం, రేఫ, ఇకారం, అనునాసికం, తాలవ్య ధ్వని అన్నీ వరస తప్పకుండా ఎదురెదురుగా నిలబడతాయి. మైకేల్ విట్జెల్ వంటి పండితులు వ్రీహి వెనక స్థానిక భాష మాటను వెతికినప్పుడు ఈ రూపాల దగ్గర ఆగింది అందుకే. మన వరి వ్రీహి నుంచే దిగజారిన తద్భవం ఎందుకు కాకూడదని అడగవచ్చు. తెలుగు ఒక్కటే సాక్షి అయితే ఆ అనుమానం తీరేది కాదు. కానీ పర్జీ చకారాన్నీ గోండి ఞ్జకారాన్నీ సంస్కృత హకారం నుంచి పుట్టించే దారి ఏదీ లేదు. తాలవ్య ధ్వని తేలికపడి హకారం కావడం సహజం, హకారం గట్టిపడి చకారమూ అనునాసికమూ కావడం అసహజం. ఏటి వాలు ఎటో ఇక్కడ స్పష్టంగా తెలుస్తోంది.

అయితే వరి ద్రావిడుల మాటే అని చాటింపు వేయవచ్చా? అక్కడా ఆగాలి. ద్రావిడ కుటుంబమంతటా ఈ పంటకు ఒక్క మాట లేదు. తమిళ, మలయాళాల్లో వడ్లకు నెల్, నెల్లు. నెల్లూరు పేరులో ఉన్నది ఆ నెల్లే అని కొందరు, ఉసిరి పేరైన నెల్లి అని కొందరు వాదిస్తూనే ఉన్నారు. అరిసి దక్షిణ శాఖది, వరిఞ్చి మధ్య భారతం వైపు శాఖలది. కుటుంబం విడిపోయాక, ఏ శాఖ ఎక్కడ వరిని కలుసుకుందో అక్కడి పేరు పెట్టుకున్నట్టుంది. కనక వరిఞ్చి ద్రావిడ శాఖ నుంచి ఆర్యభాషలకు వెళ్ళి ఉండవచ్చు, లేదా గంగా మైదానపు తూర్పున ఇప్పుడు అంతరించిన ఏదో భాష నుంచి రెండు వైపులకూ పంచబడి ఉండవచ్చు. తూర్పున పోలికలు కనబడగానే ఉత్సాహపడకూడదు. మడగాస్కర్‌లో బియ్యాన్ని వరి అనే పలుకుతారు, వింటే తెలుగువాడికి ఒళ్ళు పులకరిస్తుంది. కానీ మడగాస్కర్ భాష బోర్నియో నుంచి వెళ్ళినవాళ్ళది, అక్కడి దాయక్ భాషలో బరి అనే మాట దాని ఇంటి చుట్టం. బిర్యానీకి పెట్టిన షరతే దీనికీ పెట్టాలి.

ఇంత విచారణకూ ఫలితం ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. ఎవరి మాటైతేనేం, కంచంలోకి వచ్చేది అన్నమే కదా అంటారు. కానీ మాటల మూలాల మీద జరిగే తగవుల్లో సాధారణంగా గెలిచేది పెద్ద సాహిత్యం ఉన్న భాషే. సంస్కృతానికి వేదాలున్నాయి, తమిళానికి సంగమ సాహిత్యం ఉంది, వాదించడానికి పండితులున్నారు. తెలుగుకూ వెయ్యేళ్ళ కావ్యాలున్నాయి. అయినా ఈ వ్యాజ్యంలో తెలుగు వరి సగం సాక్షి మాత్రమే, మాట తోకను అరగదీసుకుని అనునాసికాన్నీ చకారాన్నీ పోగొట్టుకుంది. వాటిని నిలబెట్టుకున్నవి నిన్న మొన్నటి దాకా రాతకెక్కని గోండి, పర్జీ, గదబ. బాక్ట్రియా మళ్ళలో గ్రీకు సైనికుడు విన్న మాటలోని సున్నకు జవాబు ఏ తాళపత్రంలోనూ లేదు, ఆదిలాబాదు గోండు రైతు వంజి చల్లేటప్పుడు పలికే పలుకులో ఉంది. ఆ పలుకును నిఘంటువుకు ఎక్కించినవాళ్ళు ఊరూరా తిరిగి విని రాసుకోబట్టే ఇవాళ ఈ వాదం ఇంతదూరం వచ్చింది. అలాంటి భాషలు ఒక్కో తరానికి ఒక్కో మాట పోగొట్టుకుంటున్నాయి. రైస్ ఎవరిదన్న తగవును మిగతావాళ్ళు కొనసాగించుకోవచ్చు. దాన్ని తేల్చే సాక్షులు మాత్రం ఎన్నాళ్ళో ఆగరు.